చూసినవాళ్ళు ఇటు, విన్నవాళ్ళు అటు

పిల్లవాడు కనపడటం లేదని స్టేషనుకు కబురు వచ్చిందంటే ఆ పూట నుంచీ ఎస్సైకి ఊరంతా సహాయకులే. జీతం అడగరు, సెలవు పెట్టరు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదనరు, దాని మీద మరో మేడ కడతారు. నా ఉద్యోగకాలంలో దొంగలతో పడ్డ కష్టం కంటే ఈ సహాయకులతో పడ్డ కష్టమే ఎక్కువని చెబితే మీరు నవ్వుతారు. ఉద్యోగంలో కొన్నాళ్ళు పోతే నవ్వరు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషను ఎప్పుడు వచ్చిందో తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. శిక్షణలో మీకు పరేడు నేర్పుతారు, చట్టం నేర్పుతారు, వేలిముద్రలు ఎలా తీయాలో నేర్పుతారు. జనం మాట ఎలా వినాలో, విన్నదాన్ని ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పరు. నాకు అది డెబ్భైల్లో కోనసీమలో ఒక కేసు నేర్పింది. ఆ కేసులో నేను చేసిన పనికి ఈనాటికీ గర్వపడుతున్నాను. గర్వం మంచిది కాదని మా నాన్న చెప్పేవారు గానీ, పోలీసువాడికి ఆ మాత్రం ఆస్తి ఉండాలి.

అవధాని గారి అబ్బాయి

అప్పుడు నేను అమలాపురానికీ కొత్తపేటకీ నడుమ ఒక స్టేషనులో సబ్‌ఇన్‌స్పెక్టరుని. ఊరి పేరు రాయను. ఆ ఇళ్ళ పిల్లలూ మనవలూ ఇప్పుడు ఉద్యోగాల్లో, ఉపాధ్యాయ వృత్తిలో గౌరవంగా బతుకుతున్నారు. పాత గొడవ మళ్ళీ వాళ్ళ గుమ్మంలో పెట్టడం నాకిష్టం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఒక ఉదయం నరసింహ అవధాని గారు స్టేషనుకు వచ్చారు. ఆయన వేదం చదువుకున్న పెద్ద పండితుడు. చుట్టుపక్కల ఏ క్రతువైనా ఆయన కంఠం వినపడాల్సిందే. ఆయన స్టేషను మెట్లు ఎక్కడం మా హెడ్ కానిస్టేబులు వీర్రాజు కలలో కూడా ఊహించలేదు. గబగబా లేచి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

"మా వాడు మణి, నిన్న తెల్లవారగట్ల కాలవలో స్నానానికని వెళ్ళేడండీ. ఇంతవరకూ రాలేదు" అన్నారు.

మణికి పదిహేనో ఏడు. ఒక్కడే కొడుకు. చిన్నప్పటి నుంచీ తండ్రి దగ్గరే వేదం నేర్చుకుంటున్నాడు. ఆ చదువు పుస్తకం చూసి చదివేది కాదు. గురువు పలుకుతాడు, శిష్యుడు విని అదే స్వరంలో తిరిగి పలుకుతాడు. ఒక్క స్వరం అటూ ఇటూ అయినా తప్పే.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాత ఒక మోతుబరి దగ్గర పాలేరు. మా నాన్న మిషను బడిలో చదువుకుని ఉపాధ్యాయుడయ్యాడు. నా పేరు దానియేలు. నేను ఎవరినో, ఎక్కడివాడినో ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. అవధాని గారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. లోపలికి రమ్మనలేదు. నేనూ ఎదురు చూడలేదు. ఆయన భార్య తలుపు వెనక నిలబడి నా ప్రశ్నలకు జవాబు చెప్పింది.

"ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా అమ్మా?"

"గొడవేం లేదు బాబూ. ఈ మధ్య పరధ్యానం ఎక్కువైంది వాడికి. పిలిస్తే పలకడు. దగ్గరికెళ్ళి భుజం తడితే ఉలిక్కిపడి చూస్తాడు. అన్నం పెట్టుకోమంటే ఊరికే నా మొహం కేసి చూస్తూ కూచుంటాడు."

"వేదంలోనూ అంతేనండీ," అన్నారు అవధాని గారు. "ఆర్నెల్లుగా స్వరం తప్పుతున్నాడు. చెప్పింది మళ్ళీ చెప్పమంటాడు. శ్రద్ధ పోయింది."

ఆ మాటలు నా మనసులో ఒక పక్కన పడి ఉన్నాయి. అప్పటికి వాటి అర్థం తెలియలేదు. కానీ పోయిన పిల్లవాడి గురించి తల్లి చెప్పిన మాటను ఏ వస్తువు దొరికినా సరే కింద పడేయకూడదని నా పద్ధతి. మీరూ అలాగే చేయండి.

దొరికిన వస్తువులు

ఆ మధ్యాహ్నానికే కాలవ రేవులో మెట్ల మీద మణి కండువా దొరికింది. తడిసి, ఎండి, ముడతలు పడి ఉంది. అది మణిదేనని తల్లి గుర్తుపట్టి అక్కడే కూలబడింది. కాలవలో వలలు వేయించాం. లాకుల దాకా వెతికించాం. ఏమీ దొరకలేదు.

శవం దొరకకపోతే తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. ఊరు మాత్రం ఊరుకోదు. కాలవ పక్కనున్న కాఫీ హోటలు ఆ రోజు నుంచీ రెండో పోలీసు స్టేషను అయింది. మునిగిపోయాడని పొద్దున్న అన్నవాళ్ళే, శవం తేలలేదు కాబట్టి మునగలేదని సాయంత్రం తేల్చారు. కండువా కావాలనే అక్కడ పెట్టారని ఒకరు కనిపెట్టారు. ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఆ ప్రశ్నలు పుట్టాక జవాబులకు కొదవేముంది!

మర్నాడు మణి పుస్తకాల మధ్యన చిన్న సువార్త పుస్తకం ఒకటి బయటపడింది. సంతలో, బస్టాండులో ఊరికే పంచిపెట్టే అరచేతిలో పట్టేంత పుస్తకం. అలాంటివి ఆ తాలూకాలో ప్రతి ఇంట్లోనూ పొట్లాలు కట్టడానికైనా ఉండేవి. కానీ అది అవధాని గారింట్లో దొరికింది. దానితో కథ మారిపోయింది.

కరుణాకరం మాస్టారని హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. క్రైస్తవ కుటుంబం. చర్చిలో పాట పాడించేది ఆయనే. కొన్ని నెలలుగా మణి సాయంత్రాలు ఆయన ఇంటికి వెళ్తున్నాడట. అవధాని గారికి ఆ సంగతి తెలియదు. ఊళ్ళో చాలామందికి తెలుసు. సువార్త పుస్తకాన్నీ, మాస్టారి ఇంటినీ, కండువానూ ఒక దారంతో కుట్టేశారు. కుర్రాణ్ణి మతం మార్చి ఎక్కడో దాచారు, కాలవలో పడ్డాడనుకోవాలని కండువా అక్కడ పడేశారు. కథ అద్భుతంగా అమరింది. కంచి దాకా వెళ్ళి వచ్చిన పట్టుచీరలా ఎక్కడా అతుకు కనపడలేదు.

అలా అతుకు కనపడకుండా అమరిన కథను అనుమానించండి. నిజం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట చిరిగే ఉంటుంది.

ఆ సాయంత్రం పిలక కూడా దొరికింది. మంగలి దుకాణం వెనక చెత్తలో వెంట్రుకల కుచ్చు. మణిదేనని ఒకాయన ప్రమాణం చేశాడు. మంగలిని పిలిపించి అడిగితే, "ఆయ్, అది తిరపతి మొక్కని పెంచుకున్న మా మేనల్లుడిదండి. మొన్నే తీసేనండి" అన్నాడు. మేనల్లుడు గుండుతో ఎదురుగా నిలబడ్డాడు. అయినా కాఫీ హోటల్లో పిలక మణిదిగానే ఉండిపోయింది.

మా సర్కిల్ గారు

మా సర్కిల్ ఇన్‌స్పెక్టరు భాస్కరరావు గారి గురించి మంచిమాట చెప్పేవాళ్ళు తక్కువ. నోరు మంచిది కాదు. రిపోర్టులో ఒక్క కొట్టివేత ఉన్నా చించి మొహాన కొట్టేవాడు. నేను కూడా చాటున ఆయన్ని తిట్టినవాణ్ణే. కానీ ఆ వారం ఆయన చేసిన పని నా ఉద్యోగం ఉన్నంతకాలం నాకు వెన్నెముక అయింది.

పెద్దమనుషులు కొందరు కారు వేసుకుని అమలాపురంలో ఆయన దగ్గరికి వెళ్ళారు. నన్ను కూడా పిలిపించారు. వాళ్ళు నా ఎదురుగానే అన్నారు, "ఆ మాస్టారూ ఈ ఎస్సై గారూ ఒక గుడికి పోయేవాళ్ళండీ. ఈయన ఆయన్ని అరెస్టు చేస్తారా? కేసు ఇంకొకరికి ఇవ్వండి" అని.

నోరు విప్పితే ఏమంటానో నాకే తెలియక అటెన్షన్‌లో నిలబడి గోడ వైపు చూస్తున్నాను.

సర్కిల్ గారు నన్ను అడిగారు. "మాస్టారి మీద సాక్ష్యం ఏముందోయ్?"

"లేదు సార్. కుర్రాడు ఆయన ఇంటికి వెళ్ళేవాడు. అంతే."

"ఎందుకు వెళ్ళేవాడు?"

"లెక్కలు చెప్పించుకోవడానికని మాస్టారు అంటున్నారు. అది పూర్తి కారణం కాదనిపిస్తోంది సార్. కనుక్కుంటాను."

ఆయన పెద్దమనుషుల వైపు తిరిగారు. "విన్నారుగా. తన మనిషిని వెనకేసుకొచ్చేవాడైతే ఆ రెండో ముక్క చెప్పడు. కేసు ఈయనదే. మీకు నమ్మకం లేకపోతే రోజూ వచ్చి నా ఎదురుగా కూచోండి, కాఫీ ఇప్పిస్తాను."

పిల్లలూ, పై అధికారి నోరు చూసి ఆయన విలువ కట్టకండి. తలుపు వేసి తిట్టి, తలుపు తీసి వెనక నిలబడేవాడు దొరికితే అదృష్టం. తీయగా మాట్లాడుతూ కేసు మీ మెడకు చుట్టి తాను టూరుకు వెళ్ళిపోయేవాళ్ళను కూడా నేను చూశాను.

మాస్టారి అరుగు మీద

మర్నాడు మధ్యాహ్నం వీర్రాజు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "సార్, మాస్టారి ఇంటి మీదకి జనం బయల్దేరేరండి. కర్రలు కూడా ఉన్నాయండి."

స్టేషనులో ఉన్న నలుగురమూ వెళ్ళాం. అప్పటికే వీధంతా నిండిపోయింది. మాస్టారు వాకిట్లో నిలబడి ఉన్నారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"తప్పుకోండి ఎస్సై గారూ! మీరూ ఆళ్ళోళ్ళేగా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

లాఠీ చార్జి చేయవచ్చు. చేస్తే ఆ గుంపు అప్పటికి చెదిరేది. కానీ కథ మిగిలేది, దానికి నెత్తురు కూడా తోడయ్యేది. నాకు ఆ క్షణంలో ఒక ఆలోచన తట్టింది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. వీర్రాజు చేత అందరికీ వినపడేలా చెప్పించాను.

"ఆ కుర్రాడి గురించి ఎవరికి ఏం తెలిసినా రాసుకుంటానండి. ఇప్పుడే, ఇక్కడే. మాస్టారి తప్పుంటే మీ ఎదురుగానే జీపెక్కిస్తాను. ఒక్కటే షరతు. కంటితో చూసినవాళ్ళు ఇటు పక్కకి రండి. విన్నవాళ్ళు అటు పక్కకి వెళ్ళండి."

అందరికంటే గట్టిగా అరుస్తున్న ఒకాయన్ని, ఆయనకు కొబ్బరికాయల కొట్టులో పని, నేనే పిలిచాను.

"మీరు రండి. కుర్రాణ్ణి మాస్టారు పడవెక్కించడం మీరు చూసేరన్నారట."

"నేను చూళ్ళేదండి. మా బావగారు చూసేరండి."

బావగారు గుంపులోనే ఉన్నాడు. "నేనెక్కడ చూసేనండీ! హోటల్లో చెప్పుకుంటే విన్నాను."

"హోటల్లో ఎవరు చెప్పేరు?"

హోటలు యజమాని తడబడ్డాడు. మొదట పిలిచినాయన వైపు వేలు చూపించాడు. "ఈయనే కదండీ మొన్న పొద్దున్న..."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక్క నవ్వు చాలు గుంపు గుంపు కాకుండా పోవడానికి. అప్పటి నుంచి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాను. అందరూ అటు పక్కకే వెళ్ళారు. ఇటు పక్కన ఒక్క చాకలాయన మిగిలాడు. ఆయన కండువా చూశాడు. అది తప్ప తనకేమీ తెలియదన్నాడు. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు వాటిని కాళ్ళ వెనక దాచుకుంటూ సందుల్లోకి జారుకున్నారు. ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క రాయి లేవలేదు. నాకు ఆ తర్వాత మెడల్ కూడా వచ్చింది, వేరే పనికి. దాన్ని బీరువాలో పెట్టాను. ఆ మధ్యాహ్నాన్ని మాత్రం మనసులో పైనే ఉంచుకున్నాను.

మార్తమ్మ గారు

జనం వెళ్ళాక మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను. వసారాలో మాస్టారి తల్లి మార్తమ్మ గారు చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. వీధిలో అంత గొడవ జరిగితే ఆవిడ చెయ్యి ఆగలేదు. ఆశ్చర్యంగా చూశాను.

"అమ్మకి పూర్తిగా చెవుడండి," అన్నారు మాస్టారు. "మన పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. ఈ గొడవ ఏదీ తనకి చెప్పలేదండి. భయపడుతుందని."

నా మనసులో పక్కన పడి ఉన్న మాటలు ఒక్కసారి లేచి కూర్చున్నాయి. పిలిస్తే పలకడు. మొహం కేసి చూస్తూ కూచుంటాడు. చెప్పింది మళ్ళీ చెప్పమంటాడు.

"మాస్టారూ, మణి వస్తే మీతో ఎంతసేపు ఉండేవాడు?"

ఆయన ఆలోచించారు. "నిజం చెప్పాలంటే ఒక లెక్క అడిగేవాడండి, అంతే. తర్వాత అమ్మ దగ్గర కూచునేవాడు. పెద్దావిడంటే ముచ్చటేమో అనుకున్నాను."

ఇన్ని రోజులుగా మాస్టారిని నేను ప్రశ్నించాను, సర్కిల్ గారు ప్రశ్నించారు, ఊరు ప్రశ్నించింది. ఈవిడతో మాట్లాడటం కష్టమని ఎవరూ మాట్లాడలేదు. నేను టోపీ తీసి ఆవిడ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా మొహం వెలుగులో ఉండేలా జరిగి, నోరు బాగా తెరిచి అడిగాను.

"మణి తెలుసా అమ్మా మీకు?"

ఆవిడ మొహం వికసించింది. వినపడనివాళ్ళు మాట్లాడినట్టే పెద్ద గొంతుతో, "అవధానుల వారి బాబా? ఎందుకు తెలీదయ్యా! కాకినాడ నుంచి వచ్చేడా? చెవి ఎలా ఉందిట?" అన్నారు.

మాస్టారి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పడింది.

తర్వాత అంతా ఆవిడే చెప్పారు. మణికి చాలాకాలంగా చెవులు కారుతున్నాయి. నొప్పి. వినికిడి తగ్గిపోతోంది. తండ్రికి చెప్పడానికి భయం. వినపడకపోతే వేదం లేదు, వేదం లేకపోతే ఆ ఇంట్లో తానెవరు? ఒకసారి మాస్టారి కోసం వచ్చి ఈవిడను చూశాడు. చెవులు లేకపోయినా ఈవిడ మాట్లాడుతోంది, నవ్వుతోంది, ఇల్లు నడుపుతోంది. ఆ విద్య నేర్చుకోవడానికి వచ్చేవాడు. రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడ ఏమంటోందో పోల్చుకునేవాడు. తప్పు చెబితే ఇద్దరూ నవ్వుకునేవారట.

"నాలా అయిపోకు నాయనా, నాకు చిన్నప్పుడు చూపించేవాళ్ళు లేక పోయేయి, కాకినాడ పెద్దాసుపత్రికెళ్ళు, నాన్నని తీసుకుని వెళ్ళు అని చెప్పేనయ్యా. నాన్నగారికి చెబితే ఆయన తట్టుకోలేరు అనేవాడు. నొప్పి మరీ ఎక్కువైందని, వెళ్తున్నానని మొన్న చెప్పి పోయేడు. ఇంట్లో చెప్పే ఎల్లేడనుకున్నాను. లేదా?"

ఆ ఊళ్ళో పుకారు దూరని ఇల్లు లేదు. పుకారు దూరని మనిషి మాత్రం ఆవిడొక్కతే. నిజం ఆవిడ దగ్గరే ఉంది.

కాకినాడ

నేనూ అవధాని గారూ వెంటనే బయలుదేరాం. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, యానాం నుంచి మళ్ళీ బస్సు పట్టాం. అప్పుడు వంతెన లేదు. పంటు మీద ఆయన నా పక్కనే నిలబడ్డారు. నీళ్ళ కేసి చూస్తూ, "వాణ్ణి కొట్టేనండీ. స్వరం తప్పేడని" అన్నారు. నేను ఓదార్చలేదు. కొన్నిసార్లు పక్కన నిలబడటమే పోలీసువాడి పని.

ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వార్డులో నర్సును అడిగితే తలూపింది. ఒక కుర్రాడు ఒళ్ళు కాలిపోతూ వచ్చి ఓ.పి. దగ్గరే పడిపోయాడు. చీము చెవి వెనక ఎముకలోకి పోయింది, ఆగితే ప్రాణానికే ముప్పని వెంటనే ఆపరేషను చేశారు. తెలివి వచ్చాక ఊరూ పేరూ అడిగితే ఏడుస్తున్నాడు తప్ప చెప్పడం లేదు. పక్క మంచం వాళ్ళు జావ పోస్తున్నారు.

మణి కిటికీ దగ్గర మంచం మీద ఉన్నాడు. తలంతా నున్నగా గొరిగి, కట్టు కట్టి ఉంది. పిలక లేదు. తండ్రిని చూడగానే లేవలేదు, పిలవలేదు. దుప్పటి లాక్కుని తల కప్పుకున్నాడు.

అవధాని గారు మంచం మీద కూర్చున్నారు. మడి, అంటు అనేవి ఆ వార్డులో ఆయనకు గుర్తున్నట్టు లేదు. దుప్పటి మెల్లగా తీసి, గొరిగిన తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. పిల్లవాడు ఆయన పెదవుల కేసి చూశాడు. అవి కదలలేదు. చివరికి వాడే అన్నాడు.

"ఎడం చెవి పోయిందిట నాన్నగారూ. కుడిచెవికి ఫరవాలేదన్నారు. కుడిపక్కన కూచుని చెబుతారా?"

ఆయన తల ఊపారు. నేను వరండాలోకి వచ్చేశాను.

కండువా సంగతి తర్వాత అడిగాను. స్నానం చేసి చొక్కా తొడుక్కున్నాడట, తడి కండువా ఎందుకని మెట్ల మీద వదిలేశాడట. సువార్త పుస్తకం సంతలో ఎవరో చేతిలో పెడితే తెచ్చుకున్నాడు. అందులోంచి మార్తమ్మ గారు చదివే వాక్యాలను ఆవిడ పెదవుల మీద పోల్చుకోవడానికి పనికొచ్చింది. ఇంతే. మతమూ కుట్రా ఏమీ లేవు. చెవి నొప్పి ఉంది.

పిలక

కుట్లు తీశాక మణిని ఊరికి తీసుకొచ్చాం. బస్సు దిగేసరికి హోటలు ముందు జనం. గొరిగిన తల చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. అవధాని గారి బంధువే ఒకాయన ముందుకు వచ్చి, "బావా, వీడి పిలక ఏదీ?" అన్నాడు.

అవధాని గారు ఆగారు. అది ఆయన కంఠం. హోటలు దాటి కాలవ అవతలికి కూడా వినపడింది.

"పిలక మళ్ళీ పెరుగుతుందయ్యా. పిల్లాడు పోతే మొలవడు."

ఇంటికి వెళ్ళలేదు. కొడుకును పట్టుకుని నేరుగా కరుణాకరం మాస్టారి ఇంటికి నడిచారు. ఆ రోజుల్లో ఆయన లాంటివాడు ఆ వీధిలోకి వెళ్ళడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మార్తమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. అవధాని గారు చేతులు జోడించారు. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా, "పిల్లాడి చెవి కారుతుంటే ఇన్నాళ్ళు చూసుకోపోతే ఎలాగండీ!" అని గట్టిగా మందలించారు. చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబారిపోయారు. ఆయన తల వంచుకుని, "నిజమేనమ్మా" అన్నారు. మందలింపు పూర్తయ్యాక ఆవిడ పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని కట్టు చూశారు.

ఆయన ఆ రోజుతో పూర్తిగా మారిపోయారని రాస్తే మీరు సంతోషిస్తారు గానీ అది అబద్ధమవుతుంది. ఆచారాలు ఆయనకు ఉండనే ఉన్నాయి. మాస్టారి ఇంట్లో మంచినీళ్ళు ఆయన ఎప్పుడూ తాగలేదు. కానీ ఆ కుటుంబం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకునేవారు కాదు. మణి మార్తమ్మ గారి దగ్గరికి వెళ్ళడం ఆపించలేదు. మనుషులు మారగలిగినంతే మారతారు. అది కూడా చిన్నది కాదు.

మర్నాడు నేను హోటలుకు కాఫీకి వెళ్తే, పడవ సంగతి చెప్పిన కొబ్బరికాయల కొట్టు ఆయన ఎదురొచ్చాడు.

"నేను ముందే అనుకున్నానండి ఎస్సై గారూ. చెవి సంగతే అయ్యుంటుందని."

"ఆయ్, అవునండి," అన్నాడు హోటలు యజమాని. "మేం అందరం అనుకున్నాం."

కాఫీ బాగుంది. తాగి వచ్చేశాను.

తాటిపాక రోజులు

ఎనభైల్లో నేను రాజోలు వైపు పనిచేసేటప్పటికి తాటిపాక, నగరం ప్రాంతాల్లో చమురు కోసం తవ్వకాలు మొదలయ్యాయి. పెద్ద పెద్ద లారీలు, హిందీ మాట్లాడే కుర్రాళ్ళు. అప్పటి నుంచీ ఏ ఆడపిల్ల కాలేజీ నుంచి రావడం ఆలస్యమైనా చమురు క్యాంపువాళ్ళే ఎత్తుకుపోయారనేవాళ్ళు! ఒకసారి అలా కనపడకుండా పోయిన అమ్మాయి కోసం జనం క్యాంపు జీపును ఆపి డ్రైవరును దింపేశారు. జీపు చక్రానికి ఎర్ర రిబ్బను చిక్కుకుని ఉందని వాళ్ళ సాక్ష్యం. నేను మళ్ళీ అదే మాట అన్నాను. చూసినవాళ్ళు ఇటు, విన్నవాళ్ళు అటు. ఇటు ఎవరూ రాలేదు. రిబ్బను నిమ్మకాయ కట్టిన దిష్టితాడు. అమ్మాయి పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో చెప్పలేక ఐనవిల్లిలో మేనత్త ఇంట్లో ఉంది. సాయంత్రానికి మేనత్తే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.

జనాన్ని వెక్కిరించడానికి ఇవి చెప్పడం లేదు. పిల్ల కనపడకపోతే ఊరు ఊరంతా కంగారుపడటం మంచి లక్షణం. కంగారుపడని ఊళ్ళలో కూడా నేను పనిచేశాను, అవి మరీ భయంకరం. జనం దగ్గర ప్రేమ ఉంటుంది, ఓపిక ఉండదు. ఆ ఓపిక తెచ్చిపెట్టడానికే మనకు జీతం. వస్తువు దొరికితే అది ఏం చెబుతోందని అందరూ అడుగుతారు. మీరు తప్పిపోయిన పిల్ల ఎవరని అడగండి. ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఎవరి దగ్గర కూర్చుంటే తేలికపడుతుంది? ఇంట్లో ఎవరూ పలకరించని మనిషి ఒకరుంటారు. వాళ్ళను పలకరించకుండా లేవకండి.

బదిలీ

మణి కేసు ముగిసిన తర్వాతి వేసవిలో నాకు బదిలీ అయింది. ఆఖరి రోజు మధ్యాహ్నం సామాను సర్దుకుంటుంటే వీర్రాజు పరిగెత్తుకుని వచ్చాడు. "సార్, అవధాని గారు వచ్చేరండి. అబ్బాయి కూడా ఉన్నాడండి."

నేను వరండాలోకి వచ్చాను. ఈసారి ఆయన కుర్చీ వేస్తే కూర్చున్నారు. మణి తల మీద జుట్టు పెరిగింది, కురచగా పిలక కూడా వచ్చింది. ఎడమ చెవి వెనక మచ్చ కనపడుతోంది.

"వెళ్ళిపోతున్నారని విన్నాం. మా వాడు మీకు ఆశీర్వచనం చెబుతానంటున్నాడండీ. మీకేం అభ్యంతరం లేదు గదా?" అన్నారు.

అభ్యంతరమా? మా తాత ఆ మంత్రాలు చెవిన పడకుండా దూరంగా జరిగి నిలబడిన రోజులు మా ఇంట్లో కథలుగా విన్నాను నేను. టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాను.

అవధాని గారు కొడుకు కుడిపక్కకు వచ్చి నిలబడి మొదటి మాట అందించారు. మణి అందుకున్నాడు. తన గొంతు తనకు సరిగ్గా వినపడక వాడు చాలా పెద్దగా పలికాడు. స్టేషను గోడలు మోగాయి. రైటరు కలం పక్కన పెట్టి లేచాడు. లాకప్పులో ఉన్న కోళ్ళదొంగ కూడా లేచి నిలబడ్డాడు. కాలవ గట్టు మీద పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. స్వరం తప్పిందో లేదో తెలియదు. తండ్రి మొహం చూస్తే తప్పలేదనే అనిపించింది.

గొంతు తగ్గించమని ఎవరూ అనలేదు.